నూట యాభై నిమిషాల ఎండ

డిసెంబరు 4, గురువారం

బయటికి వెళ్ళే జట్టు, ప్రయాణం ఖాయమైన రోజు నుంచి తిరిగొచ్చేదాకా ఒక పుస్తకం రాయాలని గేటు నియమం. ఇది ఆ పుస్తకం. రాస్తున్నది జట్టు నాయకురాలు సుంకులమ్మ, నలభై మూడేళ్ళు, ఉండేది మూడో సొరంగంలో. పని పంపు గదిలో గేజీలు చూడటం.

ఈ ఉదయం వాతావరణం బోర్డు మీద రాశారు. 13, 14 తేదీల్లో, అంటే వచ్చే వారం శని ఆదివారాల్లో, ఎండ నలభై మూడు డిగ్రీలు దాటదు. ఈ ఏడు బయటికి పోదగ్గ రెండు రోజులు వరసగా రావడం ఇదే మొదటిసారి. మధ్యాహ్నానికల్లా పాసు కోసం పేరు ఇచ్చాను.

ముగ్గురం వెళ్తాం. నేను, రికార్డు గది చూసే మాబున్ని, రాళ్ళు కోసే కుళ్ళాయప్ప. మాబున్నికి యాభై ఎనిమిది, కుళ్ళాయప్పకి ముప్పై ఐదు.

పాసు కాగితంలో 'దేనికోసం' అన్న చోట 'పెట్టె వెతకడానికి' అని రాశాను. గేటు అధికారి దస్తగిరి చదివి తల ఎత్తాడు.

"పెట్టెలో ఏముంటాది?"

"నోటు పుస్తకం, పెన్సిలు."

"తెచ్చుకుంటారా?"

"లేదు. పేరు రాసి మళ్ళీ అక్కడే పెట్టి వస్తాం."

ముద్ర వేశాడు.

డిసెంబరు 5, శుక్రవారం

ఆకాశంలో ఉపగ్రహాలు ఉన్న కాలంలో జనం ఇలాంటి పెట్టెల్ని కొండల్లో, గట్ల మీద దాచి, ఎక్కడ దాచారో చెప్పే అక్షాంశ, రేఖాంశ అంకెలు మాత్రం బయటపెట్టేవాళ్ళు. ఆ అంకెలు పట్టుకుని ఇంకొకరు వెతుక్కునేవాళ్ళు. ఉపగ్రహాలు మా అవ్వ పుట్టకముందే రాలిపోయాయి. అంకెలు మిగిలాయి. రికార్డు గదిలో అచ్చు వేసిన జాబితా ఉంది, రెండువందల పన్నెండు పెట్టెలు. మా గేటు నుంచి రెండు రోజుల్లో వెళ్ళి రాగలిగినవి పద్నాలుగు. పదమూడు దొరికాయి.

పద్నాలుగోది ఎర్రమల కొండల మీద, తొమ్మిది కిలోమీటర్లు. దాచిన మనిషి పేరు 'తీతువు' అని ఉంది. ఈ ఆట ఆడేవాళ్ళు అసలు పేర్లు పెట్టుకునేవాళ్ళు కాదు. ఆ వరస పక్కన మార్జిన్‌లో మూడు చేతిరాతల్లో ఒకటే మాట: వెతికాం, లేదు.

మాబున్ని దగ్గర పదకొండేళ్ళుగా ఆ జాబితా ఉంది. దొరికిన పదమూడింటికీ దారి గీసి ఇచ్చింది ఆమే. ఒక్కదానికీ తను వెళ్ళలేదు. ఆ గదిని చూసుకునే మనిషి ఇంకొకరు లేరు. ఈసారి రెండు రోజులు తాళం వేయడానికి అనుమతి తీసుకుంది.

ఈ రోజు సామాను చూసుకున్నాం. ఉపగ్రహాలు లేవు కాబట్టి కొండ మీది పాత సర్వే రాయి నుంచి కొలుచుకుంటూ పోవాలి. యాభై మీటర్ల తాడు తెచ్చి సొరంగంలో పరిచి చూశాం. తడిపి లాగితే యాభై ఒకటిన్నర అయింది. తాడు వద్దు, తీగ తీసుకెళ్తాం.

డిసెంబరు 7, ఆదివారం

మాబున్ని మమ్మల్నిద్దరినీ రికార్డు గదికి పిలిచింది. బల్ల మీద జాబితా, పక్కన ఆమె గీసిన కొండ పటం. పటం మీద రెండు చుక్కలు.

"చూడు సుంకూ," అంది. "పదిహేను, పన్నెండు, నలభై. ఇది ఉత్తరం వైపుది. అచ్చులో చుక్కలు, గీతలు పోయినాయి. డిగ్రీలు పదిహేను, నిమిషాలు పన్నెండు. ఆ తర్వాతి నలభై ఏందనేదే తగాదా. అందరూ నిమిషంలో నూరో వంతులు రాసేవాళ్ళు. మనోళ్ళు అట్లనే చదివి పోయినారు. ఈ తీతువు మాత్రం సెకండ్లు రాసిందేమోనని నా అనుమానం."

"దానికీ దీనికీ ఎంత తేడా?" అని అడిగాను.

"ఆరువందల యాభై మీటర్లు. మధ్యన లోయ. చుట్టు తిరిగి పోవాలంటే రెండు గంటలు."

అంటే రెండు చోట్లా వెతకడం కుదరదు. ఒకటి ఎంచుకోవాలి.

కుళ్ళాయప్ప పటం మీదికి వంగాడు. "సెకండ్లని యా లెక్కన చెప్తాండావు?"

"తీతువు పెట్టెలు జాబితాలో ఐదుండాయి, తక్కిన నాలుగూ మనం పోలేనంత దూరం. పెట్టెకి రెండు లెక్కన ఈ చివరి అంకెలు పది. పదింట్లో ఒక్కటి కూడా అరవై దాటలేదు. నూరో వంతులైతే డెబ్బయ్యో తొంభయ్యో ఒక్కటన్నా తగలాల గదా. సెకండ్లయితే అరవై దాటే పనే ల్యాదు."

"తగలకపోయి ఉండొచ్చు గదా."

"ఉండొచ్చు. వెయ్యిసార్లు రాస్తే ఆరుసార్లు అట్లా జరుగుతాది. నేను మిగిలిన తొమ్మిదివందల తొంభై నాలుగు వైపు ఉండా."

కుళ్ళాయప్పకి నచ్చలేదు. అతని మేనమామ ఆ మూడు జట్లలో ఒకదానిలో వెళ్ళాడు. అవతలి గట్టు మీద ఒక బండ కింద చూడకుండా వచ్చామని ఇప్పటికీ అంటుంటాడట. ఆ బండ కింద తను చూడాలని ఇతని కోరిక.

నాయకురాలిగా నిర్ణయం నాది. సెకండ్ల వైపు వెళ్తాం. పాత గని షెడ్డు కూడా ఆ గట్టు మీదే ఉంది. రాత్రిపూట గేటు తెరవరు కనుక శనివారం అక్కడే పడుకోవాలి. ఇదివరకు ఇద్దరు చీకట్లో నడిచి గని గుంతల్లో పడి చనిపోయిన తర్వాత పెట్టిన నియమం అది.

డిసెంబరు 8, సోమవారం

ప్రయాణానికి ముందు వైద్యశాలలో ముగ్గురికీ పరీక్ష. ఒక రోజులో ఒక మనిషి ఎంతసేపు ఎండలో ఉండొచ్చో వాళ్ళే రాసిస్తారు. ఆ లెక్క మణికట్టు పట్టీలోకి ఎక్కుతుంది. గుడ్డ నీడలో ఉంటే గంటకి అరగంటే కోస్తుంది. రాతి కప్పు కింద ఆగిపోతుంది.

నాకు ఏడు గంటలు. కుళ్ళాయప్పకి తొమ్మిది. మాబున్నికి పోయినసారి నాలుగు ఉండేది. కొండ దాకా నడక మూడు గంటలు, కొండ మీద గంట. ఆ నాలుగు సరిగ్గా సరిపోతాయని లెక్క వేసుకున్నాం.

ఈ రోజు ఆమె కాగితంలో రెండున్నర అని ఉంది. నూట యాభై నిమిషాలు. మూత్రపిండాలు తగ్గాయన్నారు. కింద ఇంకో వాక్యం ఉంది: డిసెంబరు 15 నుంచి లోపలి జాబితా.

మూడు గంటల కన్నా తక్కువ ఉన్నవాళ్ళని లోపలి జాబితాలో వేస్తారు. పేరు ఒకసారి ఎక్కితే వాళ్ళ పట్టీ తీసేస్తారు. ఆ తర్వాత వాళ్ళకి గేటు తెరుచుకోదు. జాబితా నెలకోసారి పదిహేనో తేదీన మారుతుంది. ఈ 15 సోమవారం, మా ప్రయాణం మర్నాడు.

మాబున్ని కాగితం రెండుసార్లు చదివి మడిచి చీర కొంగున ముడి వేసుకుంది. "టీ తాగుదాం పా," అంది.

డిసెంబరు 9, మంగళవారం

నూట యాభై నిమిషాల్లో ఆమె కొండ దాకా నడిచి చేరడం కుదరదు. దారిలోనే పట్టీ మోగుతుంది. మోగాక వెంటనే నీడకి చేరకపోతే మనిషి అక్కడే కూలిపోవడమే.

కాబట్టి కొత్త పథకం రాశాను. ఇద్దరు: సుంకులమ్మ, కుళ్ళాయప్ప. నీళ్ళు మనిషికి రోజుకి ఏడు లీటర్ల చొప్పున, రెండు రోజులకి ఇరవై ఎనిమిది. సద్ద రొట్టెలు ఇరవై, నువ్వుల పొడి, ఉప్పు చక్కెర పొట్లాలు పన్నెండు. తీగ, దిక్సూచి, పటం.

కుళ్ళాయప్పకి చెప్పాను. తల ఊపాడు. మాబున్నికి చెప్పలేదు. రేపు చెప్దామనుకున్నాను.

ఈ పుస్తకం రోజూ సాయంత్రం రికార్డు గది అరలో పెట్టి రావాలి. పెట్టి వచ్చాను (ఈ మాటలు మర్నాడు చేర్చాను). ఆ గదిలో ఉండేది ఎవరన్నది అప్పుడు నాకు తట్టలేదు. ఈ మాట నిజం.

డిసెంబరు 10, బుధవారం

ఉదయం పుస్తకం తీసుకోవడానికి వెళ్తే నిన్నటి పుట తెరిచి ఉంది. ఇరవై ఎనిమిది అన్న అంకెని కొట్టేసి పైన ముప్పై ఆరు అని ఎర్ర పెన్సిలుతో రాసి ఉంది.

మాబున్ని నిచ్చెన మీద నుంచి కట్టలు దింపుతోంది. వెనక్కి తిరగకుండానే మాట్లాడింది.

"చదివినా సుంకూ. నీళ్ళ లెక్క తప్పు పోయింది, దిద్దినా. ఏడు లీటర్లు ఉత్త చేతుల్తో నడిచేటోళ్ళకి. మూట మోసేటోళ్ళకి తొమ్మిది."

"మాబున్నక్కా, నీకు చెప్దామనే..."

"చెప్పేదేముండాది. సరిగ్గానే రాసినావు. నేనైనా అట్లనే రాస్తా."

కిందికి దిగి చేతులు దులుపుకుంది. సర్వే రాయి నుంచి ఉత్తరానికి నూట అరవై ఐదు మీటర్లు, తూర్పుకి నూట ఇరవై అని రాసిన చీటీ నా చేతిలో పెట్టింది. అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా ఉన్నాయి.

"రాయి మీద నిలబడి ముందు ఉత్తరం పోండి. తూర్పు ఫస్టు పోతే వాలు ఎక్కువ, తీగ తిన్నగా పట్టలేరు."

పంపు గదికి వెళ్ళాను. పదకొండింటి దాకా గేజీలు చూశాను. ఒక రీడింగు తప్పు రాసి మళ్ళీ దిద్దుకున్నాను. ఉద్యోగంలో చేరాక అలా రాయడం ఇది రెండోసారి.

పంపు గది మూలన పైపుల మీద కప్పే తెల్ల టార్పాలిన్ చుట్టి ఉంది. గుడ్డ నీడలో గంటకి అరగంటే. ఆమె నడవకపోతే ఎంత అవుతుందని లెక్క వేశాను. బండిలో కూర్చోబెట్టి పైన గుడ్డ కడితే, తొమ్మిది కిలోమీటర్లు లాగడానికి రెండువందల నిమిషాలు. ఆమె పట్టీలో కోసేది నూరు. షెడ్డుకి రాతి కప్పు ఉంది, రాత్రి లెక్కకి రాదు. ఆదివారం కొండ ఎక్కడానికి పదిహేను, వెతకడానికి పదిహేను, దిగడానికి పది. తిరుగు దారికి మళ్ళీ నూరు. నూట నలభై. పది నిమిషాలు మిగులుతాయి.

మధ్యాహ్నం కుళ్ళాయప్ప పని చేసే చోటికి వెళ్ళాను. నాపరాళ్ళు మోసే తోపుడు బండ్లు అక్కడ ఉంటాయి.

విని రంపం ఆపాడు. "ఆయమ్మని బండిలో ఎక్కిచ్చుకోని తొమ్మిది కిలోమీటర్లు. నీళ్ళు ఇంకో యాభై కేజీలు. అక్కా, మనం పోయేది పెట్టె కోసరమా, ఆయమ్మ కోసరమా?"

"రెండూ."

"పది నిమిషాలు తేడా వస్తే ఎట్లా? దావలో చక్రం ఇరుక్కుంటే?"

"నువ్వు లాగవా?"

"లాగేది నా వల్ల కాదని యాడ చెప్పినా. ఆయమ్మకి ఏమన్నా అయితే ఎవరు మోసేది ఆ మాట? నువ్వా, నేనా?"

తెలియదని చెప్పాను. అతను రంపం మళ్ళీ మొదలుపెట్టాడు.

డిసెంబరు 11, గురువారం

పని దిగాక కుళ్ళాయప్ప బండితో మూడో సొరంగానికి వచ్చాడు. అందులో నలభై నాలుగు కేజీల రాళ్ళు, వాటి పక్కన నీళ్ళ డబ్బాలు. సొరంగంలో ఈ కొస నుంచి ఆ కొసకి ఆరుసార్లు లాగానని చెప్పాడు. చక్రాలకి కొత్త గ్రీజు ఉంది. బండి మధ్యలో పాత కుర్చీ ఒకటి కాళ్ళు కోసి బిగించి ఉంది.

"కుర్చీ ముందర పలక కొట్టినా," అన్నాడు. "లేకుంటే కాళ్ళు యాలాడతాయి, తిమ్మిరెక్కుతాయి. నలభై నాలుగు కేజీలే గదా ఆయమ్మ?"

"అదే రాసింది కాగితంలో."

"ఇంకో మాట. నువ్వు వెనక తోయాల. మెరక వచ్చిన చోట నా ఒక్కడి వల్ల అయితే నిదానం అవుతాది."

ఇద్దరం కలిసి రికార్డు గదికి వెళ్ళాం. మాబున్ని బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. తర్వాత కుర్చీలో కూర్చుని, లేచి, టార్పాలిన్ కట్టే గుంజల ఎత్తు జానలతో కొలిచింది.

"పడమటి పక్క కిందికంటా దించాల," అంది. "తిరిగి వచ్చేటప్పుడు ఎండ అటునుంచి మొదలయ్యేలోపు ఇంటికి చేరతాం గానీ, ఆలస్యమైతే పనికొస్తాది."

అది ఒప్పుకోవడమేనని మాకు అర్థమైంది.

డిసెంబరు 12, శుక్రవారం

పుస్తకం తనిఖీ. దస్తగిరి అన్ని పుటలూ చదివాడు. ఆదివారం లెక్క దగ్గర వేలు పెట్టి ఆగాడు.

"మిగిలేది పది నిమిషాలేనా?"

"పదే."

"ఇది నేను సంతకం పెట్టకూడదు."

"రెండున్నర గంటలు రాసిచ్చింది వైద్యశాల. ఆ లోపలే ఉన్నాం."

అతను మాబున్ని వైపు చూశాడు. "మేడమ్, నీకు తెల్సు గదా ఇందులో ఏముందో."

"ప్రతి అంకే నేను రెండోసారి వేసినా," అంది మాబున్ని.

సంతకం పెట్టాడు. నీళ్ళు నలభై ఆరు లీటర్లు: లాగే ఇద్దరికీ తొమ్మిదేసి, కూర్చున్న మనిషికి ఐదు, రెండు రోజులకి. రొట్టెలు ముప్పై. మిగతా సామాను పైన రాసిందే. బండితో, మనిషితో కలిపి లాగాల్సింది నూట అరవై కేజీలు.

డిసెంబరు 13, శనివారం

ఉదయం ఆరున్నరకి గేటు దాటాం. గేటు దాటగానే మాబున్ని ఆపమంది. కళ్ళు మూసుకుని కాసేపు అలాగే కూర్చుంది. పందొమ్మిదేళ్ళ తర్వాత బయటికి రావడం.

దారి పాత గని రోడ్డు. రెండు చోట్ల చక్రం ఇసుకలో దిగింది. అందుకోసం తెచ్చిన పలకలు వేసి లాగాం. మొదటి గంటలో మూడు కిలోమీటర్లు. కుళ్ళాయప్ప మెరకల దగ్గర "తోయక్కా" అన్నాడు, అంతే.

షెడ్డు చేరడానికి రెండువందల ఎనిమిది నిమిషాలు పట్టింది. మాబున్ని పట్టీలో నూట నాలుగు కోసింది. షెడ్డు కప్పు బాగానే ఉంది. మిగతా పగలంతా దాని కిందే ఉన్నాం. మాబున్ని పటం తీసి, బయట కనిపిస్తున్న దానితో పోల్చుకుంటూ కూర్చుంది. రెండు చోట్ల తప్పు గీశానని పెన్సిలుతో దిద్దింది.

డిసెంబరు 14, ఆదివారం

ఇది సాయంత్రం, లోపలికి వచ్చాక రాస్తున్నాను.

వెలుతురు రాగానే కుళ్ళాయప్ప, నేను సర్వే రాయి దగ్గర మొదలుపెట్టి తీగతో కొలిచి గుర్తు పాతాం. ఆ తర్వాతే మాబున్నిని షెడ్డులోంచి తీసుకొచ్చాం. బండి ఎక్కే వాలు కాదు. ఆమె నడిచింది. పదిహేను అనుకున్నది పదిహేడు నిమిషాలు పట్టింది.

గుర్తు పాతిన చోట గని వాళ్ళు వదిలేసిన నాపరాళ్ళ గుట్ట. విరిగిన పలకలు వేలల్లో, ఒకదాని మీద ఒకటి. సెకండ్ల లెక్కలో ముప్పై మీటర్లు అటూ ఇటూ తేడా ఉంటుంది. అంత మేరా పలకలే. కుళ్ళాయప్ప ఒక పక్క, నేను ఒక పక్క ఎత్తి చూడటం మొదలుపెట్టాం. పది నిమిషాలు. పన్నెండు. పదిహేను. అనుకున్న సమయం అయిపోయింది.

"అవతలి గట్టుకి పోయి ఉండాల్సింది," అన్నాడు కుళ్ళాయప్ప. ఎవరినీ ఉద్దేశించి కాదు.

నేను దిగుదామని చెప్పబోయాను. మాబున్ని ఒక రాతి మీద కూర్చుని ఉంది. మేము వెతుకుతున్న వైపు కాక, ఇంకాస్త పైకి చూస్తోంది.

"కుళ్ళాయప్పా, ఇన్ని రాళ్ళూ పడుకోని ఉంటే ఆ ఒక్కటీ నిలబడి ఉండాదేం?"

అతను అటు చూశాడు. అప్పటికి రెండుసార్లు దాని పక్క నుంచే నడిచాడు. వెళ్ళి, రెండు చేతులా పట్టుకుని పక్కకి వంచాడు. వెనక సందులో స్టీలు టిఫిన్ డబ్బా. మూత చుట్టూ చుట్టిన టేపు ముట్టుకుంటే పొడి అయింది.

డబ్బా తెచ్చి మాబున్ని ఒళ్ళో పెట్టాడు. తను తెరవలేదు.

లోపల ప్లాస్టిక్ సంచిలో నోటు పుస్తకం, పెన్సిలు. మొదటి పుటలో ఒక తేదీ, దాని కింద రెండు మాటలు: 'దాచాను. తీతువు.' తర్వాతి పుటలన్నీ మాబున్ని ఒక్కొక్కటిగా తిప్పింది. అన్నీ తెల్లగా ఉన్నాయి. ఇన్నేళ్ళలో ఈ డబ్బా తెరిచినవాళ్ళు లేరు.

ఆమె పెన్సిలు తీసుకుని ముందు కుళ్ళాయప్ప పేరు రాసింది, తర్వాత నాది. చివర మాబున్ని అని రాసి, తేదీ వేసింది. డబ్బా మూసి ఇచ్చింది. అతను తెచ్చిన చోటే పెట్టి, పలకని మళ్ళీ నిలబెట్టాడు.

వెతకడానికి పందొమ్మిది నిమిషాలు అయ్యాయి. లేద్దామన్నాను.

ఆమె లేవలేదు. లోయకి అవతల, మైదానం దాటి, నీలంగా ఇంకో కొండ వరస కనిపిస్తోంది. "అదెంత దూరముంటాది?" అని అడిగింది.

"నీ పటం ప్రకారం పన్నెండు కిలోమీటర్లు."

"నేను గీసినప్పుడు జానెడు లేదు," అంది.

సొరంగంలో ఉండేవాళ్ళకి కళ్ళు వంద అడుగులకి మించి చూడటం అలవాటు తప్పుతుంది. ఆమె చూపు ఆ కొండ దాకా పోయి ఆగడానికి కొంచెం సమయం పట్టిందనుకుంటాను. ఆరు నిమిషాలు కూర్చుంది. నేను నాయకురాలిని, లేపాల్సింది నేనే. లేపలేదు. ఇది నా తప్పు కింద రాసుకోవచ్చు.

దిగడానికి పన్నెండు. మొత్తం యాభై నాలుగు. పట్టీలో తొంభై ఆరు మిగిలాయి. గుడ్డ నీడలో అది నూట తొంభై రెండు నిమిషాలు. నిన్న వచ్చినప్పుడు రెండువందల ఎనిమిది పట్టింది.

ఆ లెక్క కుళ్ళాయప్పకి చెప్పాను. తలకి తువ్వాలు తడిపి చుట్టుకున్నాడు. మిగిలిన నీళ్ళలో దారికి కావలసినవి ఉంచుకుని పది లీటర్లు పారబోశాం, బరువు తగ్గడానికి. ఎక్కడా ఆగలేదు. ఇసుక దగ్గర మాబున్ని దిగుతానంది. "కూర్చోమ్మా," అన్నాడు. అతను ఆమెతో అమ్మా అనడం నేను వినలేదు ఇంతకు ముందు. నా అరచేతుల చర్మం లేచింది. అతని భుజాల సంగతి చెప్పలేను, చొక్కా విప్పనివ్వలేదు.

నూట డెబ్బై నిమిషాల్లో గేటు ముందు ఉన్నాం. దస్తగిరి లోపలి నుంచి చూసి తలుపు తెరిచి పట్టుకున్నాడు. రేపటి నుంచి లోపలి జాబితా కనుక మాబున్ని పట్టీ తీసి పెట్టడానికి పళ్ళెం కూడా తెచ్చాడు.

మాబున్ని బండి దిగి తన మణికట్టు చూసుకుంది.

"ఎంత ఉండాది?" అన్నాడు కుళ్ళాయప్ప. ఊపిరి అందడం లేదు అతనికి.

"పదకొండు."

"ఇంక పా లోపలికి."

ఆమె తలుపు వైపు వెళ్ళలేదు. గేటుకి వీపు తిప్పి, చెప్పులు విడిచి, మేము వచ్చిన దారి వైపు తిరిగి నిలబడింది. నేల కాలుతూ ఉండాలి. కాసేపటికి కొంగు కూడా తల మీద నుంచి తీసేసింది.

దస్తగిరి ఏదో అనబోయి నా వైపు చూశాడు. వెళ్ళి ఆమెకి ఎడమ పక్కన నిలబడ్డాను. కుళ్ళాయప్ప బండి కర్రలు కింద పెట్టి కుడి పక్కకి వచ్చాడు. గేటు తెరిచే ఉంది. నియమం ప్రకారం అది ఒక్క నిమిషానికి మించి తెరిచి ఉండకూడదు.

పట్టీ మోగింది. మాబున్ని చెప్పులు వేసుకుంది.

"పదండి," అంది.